ఆ నవలలో మొగుడు

సంతాప సభకి హాలు దొరికింది. మైకు దొరికింది. పూలదండ, అగరొత్తులు, వీడియో తీసేవాడు, అన్నీ సమయానికి దొరికాయి. ఆమె నవలని శ్రద్ధగా చదివిన మనిషి మాత్రం వేదిక మీద ఒక్కడూ దొరకలేదు.

కొండాపూర్‌లో మా అపార్టుమెంటు క్లబ్ హౌస్‌లోనే సభ. ఆమె ఫ్లాటు మా ఫ్లాటుకి సరిగ్గా పైన. ఫోటోని ఇంట్లోంచి ఆమె భర్తే తెచ్చాడు, అద్దం పగలకుండా తువ్వాల్లో చుట్టి. ఫోటో బల్ల మీద పెట్టాక తువ్వాలు ఒళ్ళో వేసుకుని ముందు వరసలో కూచున్నాడు. ఆయనకి కుడిపక్క కుర్చీ ఖాళీ. ఎడమపక్క కుర్చీ ఖాళీ. వెనక జనం నిలబడి ఉన్నారు, అయినా ఆయన పక్కకి వచ్చి కూచోడానికి ఎవరికీ మనసొప్పలేదు. నేను వెళ్ళి కూచున్నాను. ఆయన కొంచెం పక్కకి జరిగి, "రండి" అన్నాడు, ఇంటికొచ్చిన వాళ్ళని పిలిచినట్టు.

మొదట మాట్లాడింది విమర్శకుడు. పెద్దాయన, గొంతు బాగుంటుంది. ఆమె నవలని ఆవిష్కరించింది కూడా ఆయనే. "ఆమె నవల రాయలేదు. రక్తం కక్కింది. నాలుగు గోడల మధ్య తాను పడిన నరకాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టింది. అందులో కల్పన అన్నది ఒక్క వాక్యం లేదు!" అన్నాడు. ఆ ఆఖరి మాట అంటూ ముందు వరస వైపు చూశాడు. ఆయనతోపాటు హాలంతా చూసింది.

నవలలు రాసే మనిషి పోతే, ఆమె పుస్తకంలో కల్పనే లేదని పొగడడం ఏమిటి? వంట బాగా చేసే ఆవిణ్ణి పట్టుకుని, "ఈవిడ ఏనాడూ పొయ్యి వెలిగించలేదండీ" అని మెచ్చుకున్నట్టు లేదూ! నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కనాయన మాత్రం శ్రద్ధగా వింటున్నాడు.

అంతటితో ఊరుకున్నాడా? "ఈ పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయిస్తున్నాం. ఈసారి ముందుమాట నేను రాస్తున్నాను. ఇది నవల కాదు, ఆమె బతుకే అని నిర్భయంగా రాస్తాను" అన్నాడు. చప్పట్లు. నిర్భయంగానట! నోరెత్తని ఒక మనిషిని అందరిముందూ దోషిని చెయ్యడానికి ఎంత గుండె ధైర్యం కావాలో పాపం.

ఆమె పేరు నేను రాయను. నవల పేరూ రాయను. ఎందుకో ఆఖర్న మీకే తెలుస్తుంది. కానీ ఆమె ఎలా ఉండేదో చెప్పకపోతే, ఆ హాల్లో విమర్శకుడు తయారుచేసిన ఏడుపుగొట్టు బొమ్మే మిగిలిపోతుంది.

పొట్టి మనిషి. గొంతు పెద్దది. కింద లిఫ్టు ఎక్కేటప్పుడు మొదలుపెట్టిన వాదన మా అంతస్తు వచ్చేసరికి సగంలో ఉండేది. నేను దిగిపోతే, తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి మిగతా సగం పూర్తిచేసేది. పైనా కిందా లిఫ్టు కోసం జనం తిట్టుకునేవాళ్ళు. "తిట్టనియ్యి. మంచిగ తిట్టేటోళ్ళు తక్కువైన్రు" అనేది.

హైటెక్ సిటీలో ఒకే కంపెనీలో పనిచేశాం. క్యాబులో ఆమెకి ఎప్పుడూ మధ్య సీటే కావాలి. అందరూ కిటికీ కోసం కొట్టుకుంటుంటే ఈమె మాత్రం ఇద్దరి మధ్య ఇరుక్కుని కూచునేది. ఎందుకే అంటే, "నడుమ కూసుంటె రెండు దిక్కుల ఫోన్లు ఇనిపిస్తయి" అనేది సిగ్గులేకుండా. వినడం అంటే మామూలు వినడం కాదు. ఎవరైనా ఇంటికి ఫోన్ చేసి విసుక్కుంటుంటే, ఆ మాటని పెదాలతో మళ్ళీ అనుకునేది. బాగా నచ్చితే ఫోన్ పెట్టేదాకా ఆగి, "ఏందే ఆ మాట, జర మల్ల చెప్పు" అని అడిగేది. ఒకసారి ఒక పిల్ల ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది. ఈమె ముందు మంచినీళ్ళిచ్చింది, వీపు నిమిరింది, ఆ తర్వాత అడిగింది. ఆ పిల్ల ఏడుపు ఆపి మళ్ళీ చెప్పింది కూడా. ఆమె అడిగితే ఎందుకో చెప్పబుద్ధయ్యేది.

పుట్టింది పుప్పాలగూడ. కొత్తగా చేరినవాళ్ళెవరైనా "ఓ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పక్కన" అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే. "మేమేం దాని పక్కకు పోలె. అదే వచ్చి మా ఊరి పక్కన కూసుంది" అనేది.

మా ఇద్దరి పనీ టెస్టింగ్. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టుకోవడం. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. తప్పు కనబడింది అని చెబితే చాలదు. రాసినవాడు "నా దగ్గర బాగానే పనిచేస్తోందే" అంటాడు, ఎప్పుడూ అదే అంటాడు. అతని కళ్ళముందు ఆ తప్పు మళ్ళీ జరిగేలా చేసి చూపించాలి. చూపించలేకపోతే తప్పు లేనట్టే లెక్క. ఆమె నవలలు రాయడం కూడా ఈ పద్ధతిలోనే. ఎవరికైనా మనసు నొచ్చింది అని రాస్తే ఆమెకి సరిపోదు. అది ఎదురుగా మళ్ళీ నొవ్వాలి. అప్పుడుగానీ ఆ వాక్యాన్ని నమ్మేది కాదు.

ఇప్పుడు ఆ నవల సంగతి. అందులో ఒక మొగుడు, ఒక పెళ్ళాం, ఒక ఫ్లాటు. మొగుడు చెయ్యెత్తడు. గొంతెత్తడు. "నీ మంచికే చెప్తున్నా" అంటాడు. "నీకే అర్థమవుతుంది" అంటాడు. మెత్తగా, తియ్యగా, భుజం మీద చెయ్యి వేసి, భార్య చేసే ప్రతి పనినీ సరిచేస్తుంటాడు. పుస్తకం అయిపోయేసరికి ఆ భార్యకి తన అభిప్రాయమంటూ ఒక్కటీ మిగలదు. ఆమె ఎదురు చెప్పదు. మనసు నొచ్చినప్పుడల్లా, మడత పెట్టి ఉన్న తువ్వాలునే విప్పి మళ్ళీ మడత పెడుతుంది. ఆ మొగుణ్ణి చదివి ఎంతమంది ఆడవాళ్ళు పుస్తకం మూసి ఏడ్చారో నాకు తెలుసు. ఎంతమంది "ఇంతకీ వాడు ఆమె మొగుడేనా?" అని నన్ను చాటుగా అడిగారో కూడా తెలుసు.

వాడు ఎవరో చెబుతాను.

అప్పటికి ఆమె టీం లీడ్. కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తున్నారు. ఎవరిని తగ్గించాలో పైవాళ్ళు తేలుస్తారు, ఆ ముక్క చెప్పడం మాత్రం లీడ్ పని. ఎలా చెప్పాలో శిక్షణ కూడా ఇచ్చారు: గొంతు పెంచకూడదు, సారీ అనకూడదు, ఇది నీ ఎదుగుదల కోసమే అన్నట్టు మాట్లాడాలి. ఆమె ఒక పిల్లని అద్దాల గదిలోకి పిలిచి ఆ గొంతుతోనే చెప్పింది. ఆ పిల్ల విన్నంతసేపూ విని, మెడలో ఐడీ కార్డు తీసి, తాడు చిక్కు లేకుండా చుట్టి బల్ల మీద పెట్టి, "థాంక్యూ మేడమ్" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త గ్యాస్ బుక్ చెయ్యడం మర్చిపోయాడు. అంతే, ఇంకేం లేదు. మామూలుగా అయితే ఆమె అరుస్తుంది, ఆయన నవ్వుతాడు, ఇద్దరూ పోయి బయట టిఫిన్ తినొస్తారు. వాళ్ళింట్లో అరుపులు మా ఇంట్లోకి బాగానే వినిపించేవి. అవి వినపడని రోజు ఊళ్ళో లేరేమో అనుకునేదాన్ని. కానీ ఆ రోజు అరవలేదు. అద్దాల గదిలో వాడిన గొంతు ఇంకా నోట్లోనే ఉంది. ఆ గొంతుతోనే, మెత్తగా, మనిషి బాధ్యత అంటే ఏమిటో ఆయనకి వివరించింది.

మర్నాడు క్యాంటీన్లో అన్నం ముందు పెట్టుకుని నాతో అన్నది: "నేను చెప్పుడు అయిపోయినంక ఆయన 'అలాగేనండి' అన్నడే. నన్ను! పెండ్లయినకాంచి నన్నెప్పుడు అండి అనలే. అనుకుంట మడత పెట్టిన తువ్వాల తీసి, మల్ల మడత పెట్టిండు. గా పొల్ల తాడు చుట్టినట్టే."

"పోన్లేవే, అలిసిపోయున్నావు. సారీ చెప్పేసెయ్" అన్నాను.

"చెప్పిన. ఆయన మర్చిపోయిండు గూడ. నేనెట్ల మర్చిపోత? వాడు నా గొంతుల ఉన్నడే. గింత మంచిగ మాట్లాడేటోడు లోపల ఉన్నడని నాకే తెల్వదు. వాణ్ణి బయటికి గుంజాలె."

అలా పుట్టాడు ఆ మొగుడు. ఆమెని ఎవరూ ఏడిపించలేదు. తను ఒక మనిషిని ఎలా ఏడిపించగలదో ఒక సాయంత్రం చూసుకుంది, చూసి భయపడింది. ఆ భయాన్ని నవలంత చేసింది. దీనికి ఎంత నిజాయితీ కావాలి! మనకి దెబ్బ తగిలితే పదిమందికీ చూపిస్తాం. మనం కొట్టిన దెబ్బని తీసుకుని పుస్తకం రాసేవాళ్ళు ఎవరున్నారు, నాకొకర్ని చూపించండి.

తర్వాత ఆదివారాలన్నీ ఆ నవలవే. పొద్దున్నే వాళ్ళ బాల్కనీలో ఆమె లాప్‌టాప్ పెట్టుకుని కూచునేది. ఆయన గోదావరి జిల్లా మనిషి, ప్రభుత్వాఫీసులో ఉద్యోగం, చాలా నెమ్మది. ఆదివారం ఆరిన బట్టలు మడత పెట్టడం ఆ ఇంట్లో ఆయన పని. నేను నా కాఫీ నేనే తెచ్చుకుని పిట్టగోడకి ఆనుకుని నిలబడేదాన్ని. ఆమె మొగుడి మాట చదివేది, ఆ అద్దాల గది గొంతుతో. ఆయనది పెళ్ళాం పాత్ర. ఏది తోస్తే అది జవాబు చెప్పాలి.

ఊరికే ఏదో ఒకటి అంటే ఒప్పుకునేది కాదు. "గది యాక్టింగు. మల్లొకసారి చదువుత, ఆగు" అని మాట మార్చి చదివేది. ఇంకా మెత్తగా. ఇంకా తియ్యగా. అప్పుడు ఆయన చేతులు తెలియకుండానే మడత పెట్టిన తువ్వాలు మీదికి పోయేవి. అది చూసి చప్పుడు చెయ్యకుండా ఆ మాట టైపు చేసుకునేది. ఆయన చేతులు కదలకపోతే మొగుడి మాటలో పదును లేనట్టు, కొట్టేసేది. అదీ ఆ నవల రాసిన తీరు. దీన్ని పట్టుకుని "ఉన్నదున్నట్టు రక్తం కక్కింది" అంటాడా ఆ విమర్శకుడు! ఎన్ని ఆదివారాల చాకిరీ అది!

ఒకరోజు ఆమె చదివింది: "నేనెప్పుడైనా నీమీద గొంతు పెంచానా?"

ఆయన చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగింది. తర్వాత అన్నాడు: "నువ్వు అరిచినా బాగుండేది. అరిస్తే..." ఆగాడు. "తలుపేసుకునేవాణ్ణి."

ఆమె టైపు చెయ్యలేదు. లేచి లోపలికి పోయింది. నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. మొహం కడుక్కుని వచ్చి, తుడుచుకోకుండానే కూచుని, "మల్ల చెప్పు" అంది. ఆయన చెప్పాడు. "గట్ల కాదు. ఇందాక 'అరిస్తే' అన్నంక ఆగినవ్ గదా. గాడ ఆగు. నేను చెప్పేదాంక ఆగు." ఆయన "అరిస్తే" అని ఆగాడు. ఆమె కాసేపు ఆయన మొహమే చూసి, "ఇగ చెప్పు" అంది. ఆయన చెప్పాడు. ఆ వాక్యం కోసం అలా మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

పుస్తకంలో అది భార్య మాటగా ఉంది: "మీరు అరిచినా బాగుండేదండి. అరిస్తే... తలుపేసుకునేదాన్ని." ఇవాళ ఆడపిల్లలు ఫోన్లలో స్టేటస్ పెట్టుకుంటున్న మాట అదే.

నేనొకసారి ఆయన్ని అడిగాను కూడా, "అన్నయ్యగారూ, ఇలా మళ్ళీ మళ్ళీ అనిపించుకోవడం మీకు బాధగా ఉండదా?" అని. "మొదట్లో ఉండేదండి" అన్నాడు. "కానీ చూడండి, నేనేదన్నా అంటే ఇంత శ్రద్ధగా ఎవరు విన్నారు చెప్పండి? ఆఫీసులో వినరు. చిన్నప్పుడు ఇంట్లో వినలేదు. తను ఒక్క మాట కోసం ఆదివారమంతా కూచుంటుంది."

పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ సభకి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రచయితకి శాలువా కప్పేటప్పుడు భార్యనో భర్తనో కూడా పైకి పిలిచి పక్కన నిలబెట్టడం మన సభల్లో అలవాటే కదా. ఆమె పేరు పిలవగానే ఆయన కూడా లేచాడు. మెట్ల దాకా వెళ్ళాడు. అప్పుడు విమర్శకుడు నిర్వాహకుడి చెవిలో, "ఆయన్ని పిలవకండి, సందర్భం బాగుండదు" అన్నాడు. చెవిలో అన్నాననుకున్నాడు. మైకులో అన్నాడు.

హాలంతా విన్నది. ఆయన మెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఏదో మర్చిపోయినవాడిలా జేబు తడుముకుని, వెనక్కి వచ్చి కూచున్నాడు. ఆమె శాలువా కప్పించుకుంది. దండం పెట్టింది. తర్వాత శాలువా తీసి, మెట్లు దిగి వచ్చి, ఆయన ఒళ్ళో పెట్టి పోయింది. ఆ గౌరవంలో సగానికి పైగా ఆయనది, ఇచ్చేసింది, అంతే. జనం చప్పట్లు కొట్టారు. విమర్శకుడు మైకు అందుకుని, "చూశారా! ఆ గౌరవాన్ని కూడా అతని మొహాన కొట్టింది!" అన్నాడు. ఆయన ఆ శాలువాని నాలుగు మడతలు పెట్టి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఆ రోజే ఇంకో సిద్ధాంతం కూడా చెప్పాడు ఆ మహానుభావుడు. పుప్పాలగూడ పిల్ల నవలలో భార్య చేత అచ్చమైన కోస్తా యాసలో, అండి అండి అంటూ ఎందుకు మాట్లాడించింది? "భయం ఆమె భాషని కూడా మింగేసింది" అన్నాడు. అందరూ తలలూపారు. ఎదురుగా గోదావరి జిల్లా మనిషి కూచుని ఉన్నాడు, నోరు తెరిస్తే అండి తప్ప మాట రాదు, తువ్వాలు కనబడితే మడత పెట్టకుండా ఉండలేడు. పుస్తకంలోని పెళ్ళాం ముందు వరసలో మీసాలతో కూచుంటే ఒక్కరికీ కనబడలేదు. ఎందుకు కనబడుతుంది? వాళ్ళు వచ్చింది మొగుణ్ణి చూడ్డానికి.

ఇదే ఊళ్ళో ఒకాయన వరసపెట్టి హత్యల నవలలు రాశాడు. "ఇంతకీ తమరు ఎంతమందిని చంపారండీ?" అని ఆయన్నెవరూ అడగలేదు. ఏం ఊహ, ఏం ఊహ అన్నారు. ఆడది రాస్తే మాత్రం ఊహ ఉండదు, గాయమే ఉంటుంది. గాయం ఉంటే కొట్టినవాడుండాలి. వాడు ఎక్కడో ఎందుకు, ఇంట్లోనే ఉన్నాడుగా!

ఆ తర్వాత అపార్టుమెంటులో ఆయన బతుకు చూడాల్సింది. వాకింగులో కలిసే ఆడవాళ్ళు ఆయన ఎదురొస్తే మాటలాపేసేవాళ్ళు. ఒకరోజు లిఫ్టులో కింది అంతస్తు పెద్దమనిషి ఆయన భుజం మీద చెయ్యి వేసి, నా ఎదురుగానే, "ఇప్పటికైనా మారండి సార్. మీ మంచికే చెప్తున్నా" అన్నాడు. అచ్చం పుస్తకంలో మొగుడి గొంతు! ఆ పెద్దమనిషి ఆ నవల చదివాడట కూడా. చదివి ఏం చేసుకున్నాడో మరి. ఆయన "అలాగేనండి" అన్నాడు.

నేను ఆగలేక ఆమె మీద విరుచుకుపడ్డాను. "నువ్వు నోరు తెరిచి ఒక్క మాట చెబితే పోలా? ఆ మొగుడు నేనే అని ఒక్క మాట! నీ పుస్తకం కోసం ఆ మనిషి ఇంకెన్నాళ్ళు మాట పడాలి?"

ఆమె ఆ రోజు నాతో వాదించలేదు. "నాకు ఫికర్ లేదనుకుంటున్నవా?" అంది. "నేనే అని చెప్పిననుకో. 'ఓ, ఇది ఆమె సంగతి' అంటరు. అందరు బయటపడ్తరు. వాడెవడో తెల్వకుంటేనే ఎవరింట్ల వాళ్ళు దేవులాడుకుంటరు. ఒకడన్న, ఒకతన్న, ఇది నా గొంతే అని ఉలిక్కిపడాలె. గందుకే రాసిన."

"మరి ఆయన?"

"ఆయన్ను అడిగిన. ఎవరేమన్న ఇద్దరం నోరిప్పొద్దని మాట తీస్కున్న. ఇచ్చిండు." అని, మళ్ళీ తనే, "గట్ల అడుగుడు గూడ నా తప్పేనేమో. ఎర్క లేదు" అంది. ఆమె కళ్ళలో నేను నీళ్ళు చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత జబ్బు వచ్చింది. దవాఖాన మంచం మీద కూడా పక్క మంచం వాళ్ళ మాటలు వినేది. ఓపిక తగ్గాక ఆయన విని వచ్చి చెప్పేవాడు. మరీ ఎక్కువ కాలం పట్టలేదు.

మళ్ళీ సభకి వస్తాను. విమర్శకుడి తర్వాత ఇంకొందరు మాట్లాడారు. ఒకాయన ఆమె కన్నీళ్ళ గురించి చెప్పాడు. ఆమె నవ్వు గురించి ఒక్కరూ చెప్పలేదు. అది మా బ్లాకంతా వినబడేది. నాకు ఓర్పు నశించి లేచి నిలబడ్డాను. నిర్వాహకుడు, "మేడమ్ బంధువులా?" అన్నాడు. ఏమని చెప్పను? ఈలోగా పక్కనుంచి ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. బతిమాలుతున్నట్టుంది ఆ చూపు. కూచున్నాను. ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటున్నాను.

ఆఖర్న ఒక కుర్రాడు వచ్చి నవలలో భాగం చదివాడు. అనుకున్నట్టే ఆ పేజీయే. "మీరు అరిచినా బాగుండేదండి, అరిస్తే తలుపేసుకునేదాన్ని." హాల్లో ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. ఒత్తుకుని, ఆ తడికళ్ళతోనే ముందు వరస వైపు అసహ్యంగా చూశారు. నేను ఆయన వైపు చూశాను. పెదాలు కదులుతున్నాయి. తువ్వాలు విప్పి మళ్ళీ మడత పెడుతున్నాడు. అంచుకి అంచు కలిపి, అరచేత్తో నిమిరి. మీరంతా ఏడుస్తున్నది ఈ మనిషి కోసమయ్యా, ఇటు చూడండి, ఆ చేతులు చూడండి అని అరవాలనిపించింది.

సభ అయిపోయాక విమర్శకుడు వచ్చి, ముందుమాట విషయం మీకేమైనా అభ్యంతరమా అని అడిగాడు. అడగడంలోనే బెదిరింపుంది. "మీ ఇష్టమండి" అన్నాడు ఆయన. అని, ఫోటోని తువ్వాల్లో చుట్టుకుని లిఫ్టు వైపు నడిచాడు.

దార్లో పట్టుకుని దులిపేశాను. "ఏంటన్నయ్యగారూ ఇది? రేపు అది అచ్చయితే ఇక శాశ్వతం. పుస్తకం ఉన్నన్నాళ్ళూ మీరే ఆ మొగుడు!"

"తనకి మాటిచ్చానండి."

"తను మాట తీసుకున్నది ఎందుకు? ఎవరింట్లో వాళ్ళు వెతుక్కోవాలని. ఆ ముందుమాట ఏం చెయ్యబోతోంది? దొంగ దొరికాడు, ఫలానా ఫ్లాటులో ఉన్నాడు, మిగతావాళ్ళంతా హాయిగా ఇళ్ళకి పొండి అంటోంది. ఆమె పుస్తకాన్నే చంపుతుంటే ఇంకా ఎవరి కోసం ఈ నోరు మూసుకోవడం? మీరు మాటిచ్చారు. నేనివ్వలేదు. రాసేస్తాను."

ఆయన ఫోటోని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పేర్లు వద్దండి" అన్నాడు. తర్వాత అన్నాడు: "నన్ను చూసి తిట్టుకున్నారు, నా మాటకి ఏడ్చారు. రెండూ నాకేనని తనకి తెలుసు కదండీ. నాకది చాలు."

ఆయనకి చాలేమో. నాకు చాలదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ మొగుడు ఆమె భర్త కాదు. ఆమె. ఆమెలో ఒక సాయంత్రం కనబడినవాడు, మీలోనూ నాలోనూ ఏ సాయంత్రమైనా కనబడగలవాడు. ముందుమాట రాసే పెద్దమనిషి గొంతులో కూడా నాకు వాడే వినిపించాడు. ఇక వెతుక్కోండి.

ఆ రోజు లిఫ్టు మా అంతస్తులో ఆగింది. నేను దిగాను. ఆయనేదో చెప్పబోతున్నట్టు కనబడితే, తలుపుకి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆ కుర్రాడు గబగబా చదివేశాడండి" అన్నాడు. "అలా చదవకూడదు. మధ్యలో ఆగాలి."

"చెప్పండి, ఎలా చదవాలి?"

ఫోటోని గుండెకి ఆనించుకుని, బాల్కనీలో చెప్పినట్టే చెప్పాడు. "నువ్వు అరిచినా బాగుండేది. అరిస్తే..."

ఆగాడు. పైనుంచి ఎవరో లిఫ్టు తలుపు వెయ్యమని కేకేస్తున్నారు. నేను చెయ్యి తియ్యలేదు. ఆయన అలాగే నిలబడ్డాడు, మిగతా మాట నోట్లోనే పెట్టుకుని, ఎదురుచూస్తూ. ఆగమన్నది ఆమె. 'ఇగ చెప్పు' అనాల్సింది కూడా ఆమే.